పసులకాపరి ప్రణయకలహం

పాశ్చాత్య దేశాల అంగళ్ళలో చౌకధరకు దొరికే వినోద నవలలలో ఒక తరగతి ఉన్నది. వాటిలో నాయకుడు గుర్రమెక్కి పశువులను తోలుకొనిపోయే మొరటువాడు. అతనికో, అతడు మనసిచ్చిన పడుచుకో హఠాత్తుగా సిరి కలిసివస్తుంది. ఎన్నడూ ముఖమెరుగని పినతండ్రి ఎవరో ఆస్తి వ్రాసి కన్నుమూస్తాడు. ఆ సిరిని నిలుపుకొనడానికో, చుట్టాల నోరు మూయించడానికో వారిద్దరూ లోకం ఎదుట ప్రేమికులవలె నటించవలసివస్తుంది. నటన కొన్నాళ్ళు సాగుతుంది. చివరకు అది నటన కాదని ఇద్దరికీ తెలిసివస్తుంది. పెండ్లితో కథ ముగుస్తుంది. చదివినవాడు చిరునవ్వుతో పుస్తకం మూసి నిద్రపోతాడు.

ఇట్టి కథలను చులకనగా చూడడం పండితులకు అలవాటు. కాని పసులకాపరి, సిరి, వేషం అనే ఈ మూడింటినీ ఒక్క ముడిగా వేసి నవ్వించే విద్య పాశ్చాత్యుల సొత్తు కాదు. తెలుగు ప్రేక్షకునికి ఆ వెడల్పుటంచుల టోపీ, ఆ తుపాకీ, ఆ గుర్రం పరిచయమైనది 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' చలనచిత్రంతో. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, రాజస్థాన్ ఎడారులలో చిత్రించిన నిధివేట కథ అది. దానిలో నాయకుడుగా నటించినవారు తెనాలి దగ్గరి బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ. ఆయన పేరు కృష్ణ కావడం కాకతాళీయమే. అయినా ఆ పేరుగల పసులకాపరి ప్రణయగాథ కృష్ణాతీరానికి కొత్తది కాదు. టోపీకి బదులు నెమలిపింఛం, తుపాకీకి బదులు వేణువు పెట్టి చూస్తే చాలు.

చల్లపల్లి కోట ముందునుండి ఉత్తరంగా పామర్రు వైపు సాగిపోయే బాటసారికి ఇరుప్రక్కలా వరిచేలు, కాలువగట్లు, గట్లమీద మేసే గేదెలు కనిపిస్తాయి. కొద్ది మైళ్ళు పోయేసరికి ఆ దిక్కుననే మొవ్వ, కూచిపూడి అనే రెండు గ్రామాలున్నాయి. మొవ్వలో వేణుగోపాలస్వామి వెలసినాడు. కూచిపూడిలో ఆ గోపాలుని కోపించిన భార్య కొన్ని వందల సంవత్సరాలుగా అలిగి కూర్చున్నది. ఆ అలుక పేరే భామాకలాపం.

వ్రేపల్లె నుండి ద్వారకకు

శ్రీకృష్ణుని జీవితాన్ని భక్తితో చదివేవారికి అది అవతారకథ. కొంచెం చనువుగా చదివితే అంతకంటె వింతైన సిరికథ మరొకటి లేదు. వ్రేపల్లెలో చద్దిమూట చంకన బెట్టుకొని దూడలను తోలుకొనిపోయిన బాలుడు సముద్రం నడుమ బంగారు నగరానికి అధిపతి అయినాడు. అతని పాత నేస్తం కుచేలుడు గుప్పెడు అటుకులు తీసికొనివెళ్ళి తిరిగివచ్చేసరికి పూరిగుడిసె ఉన్నచోట మేడ నిలిచి ఉన్నది. రాజసూయ సభలో అగ్రపూజ జరిగినప్పుడు శిశుపాలుడు ఓర్వలేకపోయినదీ ఈ మార్పునే. రాజులు కూర్చున్న సభలో గొల్లవానికి పూజ ఏమిటన్నది అతని గోల. నడమంత్రపు సిరి కలవానిని లోకం ఏ చూపు చూస్తుందో శిశుపాలుని నోట వినవచ్చును.

సత్యభామతో పెండ్లి కూడ సిరితోనే ముడిపడి ఉన్నది. ఆమె తండ్రి సత్రాజిత్తుకు సూర్యుని వరంగా శమంతకమణి దొరికినది. అది దినానికి ఎనిమిది బారువుల బంగారం ఇచ్చేదని భాగవతం చెబుతున్నది. ఒక్క ప్రొద్దుటినుండి సాయంకాలానికి ఐశ్వర్యవంతుడైన మనిషికి ఎవరిని చూచినా అనుమానమే. మణి కనబడకుండా పోగానే ఆ దొంగతనం కృష్ణునిమీద మోపినాడు. వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టుకొని ఈ కథ వినని తెలుగుబిడ్డ ఉండడు. కృష్ణుడు అడవిలో జాడలు పట్టుకొనిపోయి, జాంబవంతుని గుహలో పోరి, మణిని తెచ్చి మామకు అప్పగించినాడు. సత్రాజిత్తు సిగ్గుపడి కూతురిని, మణిని కూడ ఇవ్వజూపినాడు. కృష్ణుడు కన్యను స్వీకరించి మణిని తిరిగి ఇచ్చివేసినాడు.

ఈ తిరిగి ఇవ్వడంలోనే తరువాతి కలహమంతటికీ బీజమున్నది. భర్త విడిచిపెట్టిన సంపద భార్య మనసులో గర్వంగా మిగిలిపోయినది. పదహారవ శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణం వ్రాసి ఆ గర్వానికి కావ్యగౌరవం కల్పించినాడు. నారదుడు తెచ్చిన పారిజాతం రుక్మిణికి దక్కినదని తెలిసి సత్య పడిన కోపం, కాళ్ళబేరానికి వచ్చిన భర్త తలను ఆమె ఎడమ పాదంతో తన్నడం తెలుగు తరగతి గదులలో నేటికీ నవ్వు పుట్టించే ఘట్టాలు. పసులకాపరిని పెండ్లాడిన ధనవంతురాలి కథగా దానిని చదివితే ఆ నవ్వు వెనుక ఒక చిక్కుప్రశ్న కనబడుతుంది. ఇద్దరు మనుష్యుల నడుమ సొమ్ము వచ్చి కూర్చున్నప్పుడు ఎవరు ఎవరికి లొంగాలి?

అద్దం ముందు తగాదా

భామాకలాపం సిద్ధేంద్రయోగి రచన అని కూచిపూడి సంప్రదాయం. అందులో కలహానికి కారణం పారిజాతంకంటె చిన్నది. భార్యాభర్తలు అద్దం ముందు నిలబడినారు. ఇద్దరిలో ఎవరు అందగత్తె, ఎవరు అందగాడు అన్న మాట వచ్చినది. సత్య ఏమాత్రం తడుముకొనక తానే అన్నది. కృష్ణుడు లేచిపోయినాడు. ఇంతే కథ. తక్కినదంతా విరహం, పశ్చాత్తాపం, పంతం.

ఇంత చిన్న కథను రాత్రంతా నడపడానికి ఎంత హాస్యం కావాలో ఊహించుకొనవచ్చును. మొదట ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలుచుంటారు. తెరమీదుగా ఒక పొడుగాటి జడ ఇవతలకు వచ్చి వ్రేలాడుతుంది. ముఖం కనబడదు, జడ మాత్రమే కనబడుతుంది. తన విద్యను మించినవాడెవడైనా సభలో ఉంటే వచ్చి ఆ జడ కోయవచ్చునని అది పాత్రధారి చేసే సవాలు. దివిటీలమీద గుగ్గిలం పొడి చల్లగా భగ్గున మంట లేస్తుంది. ఆ వెలుగులో సత్యభామ అడుగుపెడుతుంది.

తరువాత మాధవి వస్తుంది. అలిగిన ఇల్లాలి రాయబారం మోయవలసిన చెలికత్తె ఆమె. నీ భర్త ఎవరమ్మా అని అడుగుతుంది. ఇల్లాలు మగని పేరు నోట పలుకరాదు కదా. సత్య సిగ్గుపడి, తల వంచుకొని, చుట్టుతిప్పి, ఆనవాళ్ళు చెప్పి తప్పించుకొనజూస్తుంది. మాధవి తెలిసికూడ తెలియనట్లు అడిగిందే అడుగుతుంది. క్రొత్త కోడలిని గడపలో నిలబెట్టి మగని పేరు చెబితే గాని లోపలికి రానీయని ఆడబిడ్డలు తెలుగునాట ఇంటింటా ఉన్నారు గనుక ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ప్రేక్షకులలోని ఆడవారు ముందుగా నవ్వుతారు.

ఆ మీదట ఉత్తరం వస్తుంది. సత్య తన తప్పు ఒప్పుకొంటూ కృష్ణునికి లేఖ వ్రాస్తుంది. దానిని చేరవేయడానికి మాధవి కూలి అడుగుతుంది. ఇవ్వజూపిన నగలేవీ ఆమెకు నచ్చవు. ఆమె కన్ను ముక్కుననున్న నగమీద ఉన్నది. అది ముత్తైదువ లక్షణం. ఇవ్వనని సత్య, అది తప్ప వద్దని మాధవి. దినానికి ఎనిమిది బారువుల బంగారం కురిసిన ఇంటి ఆడపడుచు ఒక్క ముక్కుపుడక దగ్గర గింజుకొనడం చూచి సభ ఘొల్లుమంటుంది. ఆ సరసంలోనే సిరికి వెల కట్టడం జరిగిపోతుంది. మగడు దూరమైన ఇంట్లో ఏ నగకు ఎంత విలువో సత్యకు అప్పుడు తెలుస్తుంది.

కొయ్యనగల ఐశ్వర్యం

ఇంతవరకు పసులకాపరి, సిరి కనిపించినవి. ఇక మూడవది, వేషం. పాత కూచిపూడి మేళంలో సత్యభామ మగవాడు, కృష్ణుడూ మగవాడే. వారి దాంపత్యం మొదటినుండి చివరివరకు కల్పితమే. సూత్రధారుని సంగతి మరీ చిత్రం. సత్యతో మాట్లాడేటప్పుడు ఆయనే మాధవి. కృష్ణునివద్దకు పోయినప్పుడు ఆయనే మాధవుడు. వేషం మార్చుకొనే పని లేదు. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి ఆడదో మగవాడో అవుతాడు. చుట్టరికమంటే ఎదుటివారి పలకరింపులోనే ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె చక్కని ఉపాయం ఉండబోదు.

ఆ రాణివాసపు నగలు కూడ వేషమే. బూరుగువంటి తేలిక కొయ్యతో చేసి, పైన తళుకులు అద్దిన ఆభరణాలను పాతకాలపు నటులు ధరించేవారు. తెల్లవారేదాక ఆడవలసిన శరీరం నిజమైన బంగారపు బరువు మోయలేదు. ముఖానికి పచ్చని అర్దళం పూత, నడుముకు వడ్డాణం, తలమీద సూర్యచంద్ర ప్రభలు. ఆముదపు దివిటీల వెలుగులో ఆ కొయ్య బంగారమై మెరిసేది. సత్రాజిత్తు మణి ఇచ్చిన బంగారాన్ని ఎవరూ చూడలేదు. ఈ కొయ్య ఇచ్చిన బంగారాన్ని ఊరూరి జనం చూచినారు.

మగవాడు సత్యభామ కావడం వెనుక ఒక కథ చెప్పుకొంటారు. సిద్ధేంద్రునికి చిన్ననాడే పెండ్లి అయినది. యౌవనంలో భార్యను చూడబోతూ కృష్ణ దాటుతుండగా నది పొంగినది. ప్రాణం దక్కితే సన్యసిస్తానని నడియేటిలో మ్రొక్కుకొన్నాడు. ప్రాణం దక్కినది, సంసారం దక్కలేదు. తన ఇల్లాలిని చేరలేకపోయినవాడు జీవితమంతా మరొక ఇల్లాలి ఎడబాటును వ్రాసినాడు. కూచిపూడిలో పుట్టిన ప్రతి బ్రాహ్మణ బాలుడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టవలెనని మాట తీసికొన్నాడు. చరిత్రకారులకు ఇది ఐతిహ్యమే. ఆ ఊరివారికి మాత్రం అది చాలాకాలం శాసనంగా నడిచినది.

ఇక్కడ పాశ్చాత్య నవలకూ కూచిపూడి ఆటకూ ఉన్న తేడాను విద్యార్థులు గమనించవలసి ఉన్నది. ఆ నవలలో నటన రహస్యం. ఊరివారికి, పెద్దలకు తెలియరాదు. తెలిసిననాడు సిరి పోతుంది, పరువు పోతుంది. అందుచేత అది మోసానికి దగ్గరగా ఉంటుంది. భాగవతుల ఆటలో రహస్యమేమీ లేదు. జడ వెనుక ఉన్నది ఫలానావారి అబ్బాయి అని ముందు వరుసలో చాపమీద కూర్చున్న పిల్లవానికి కూడ తెలుసును. తెలిసికూడ నడిరేయికల్లా మరచిపోతాడు. మోసంలో ఒకరికి తెలిసి ఒకరికి తెలియకుండా ఉంటుంది. వేషంలో అందరికీ తెలిసినదాన్ని అందరూ కలిసి మరచిపోతారు.

ఈ కల్పన ఎంతటి నిజాన్ని చెప్పగలదో చూపే కథ ఒకటి కడప సీమలోని మాచుపల్లి కైఫీయతులో ఉన్నది. 1502 ప్రాంతపు సంగతిగా దానిని చెబుతారు. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు సొమ్ముకోసం ఆడవారిని సైతం హింసించేవాడట. ఆ దారిన పోయిన కూచిపూడి భాగవతులు దానిని కళ్ళారా చూచినారు. విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆడవలసివచ్చినప్పుడు ఒకరు గురవరాజు వేషం కట్టినారు, ఒకరు హింసపడే స్త్రీ వేషం కట్టినారు. రాయలు విషయం గ్రహించి సేనను పంపి దుర్మార్గుని శిక్షించినాడని కైఫీయతు కథనం. నోరు విప్పి ఫిర్యాదు చేయలేనివారి తరఫున వేషం ఫిర్యాదు చేసినది.

పాదుషా ఇచ్చిన ఊరు

పసులకాపరి కథను ఆడినవారికి కూడ ఒకనాడు హఠాత్తుగా సిరి కలిసివచ్చినది. గోలకొండను 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా తీరసీమలో పర్యటిస్తూ కూచిపూడి భాగవతుల ఆట చూచినాడని, ఆనందించి ఆ ఊరిని వారికే అగ్రహారంగా ఇచ్చినాడని ప్రతీతి. 1678 ప్రాంతంలో అంటారు. సాయంకాలం వేషం కట్టేటప్పుడు ఊరూర తిరిగే ఆటగాండ్రు. దాత మనసు కరిగిన మీదట ఒక గ్రామానికి యజమానులు. ఏ నవలాకారుడూ ఇంతకంటె చక్కని మలుపు కల్పించలేడు. ముసల్మాను పాదుషా, గొల్ల దేవుడు, బ్రాహ్మణ నటుడు, అతడు కట్టిన స్త్రీవేషం. ఒక్క రాత్రి ఒక్క దివిటీ క్రింద ఇవన్నీ కలిసినవి.

నడమంత్రపు సిరి నెత్తికెక్కుతుందని లోకోక్తి. ఈ సిరికి అట్లు ఎక్కే వీలు లేకపోయినది. కళను విడువరాదన్న నియమంతో భూమి వచ్చినది గనుక ఆట ఆగితే మాట తప్పినట్లే. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి మొదలైన ఇంటిపేర్లవారు తరతరాలుగా పిల్లలకు అక్షరాలతోపాటు అడుగులూ నేర్పినారు. జమీందారీలను రద్దుచేసే చట్టం 1948లో, ఇనాములను రద్దుచేసే చట్టం 1956లో వచ్చినవి. చల్లపల్లి సంస్థానంతో సహా ఆ సీమలోని ఎస్టేటులన్నీ చరిత్రలో కలిసిపోయినవి. రాజులిచ్చిన భూములకంటె రాజులు చూచిన ఆట ఎక్కువకాలం నిలిచినది.

అయితే ఈ సిరికి మరొక ముఖం ఉన్నది. దానిని దాచి పొగడడం న్యాయం కాదు. ఊరినీ విద్యనూ కలిపి కొన్ని కుటుంబాలకు ముడివేసిన అగ్రహారం ఆ కళను కాపాడినది. అదే దానిచుట్టూ కంచె కూడ వేసినది. కంచెకు బయట మిగిలినవారిలో ఆ కుటుంబాల ఆడవారే మొదటివారు. మగవాడు ఆడదాని నడక, ఆడదాని సిగ్గు, ఆడదాని అలుక అభినయించి మెప్పు పొందుతుండగా, ఆ నడకా ఆ అలుకా ఎవరివో వారు ఇంట దీపం పెట్టుకొని కూర్చున్నారు. సత్యభామ జడను కోయరమ్మని సభకు సవాలు విసిరిన సంప్రదాయంలో సొంత జడగలవారికి తెర వెనుక కూడ చోటు లేకపోయినది.

కంచెకు అవతల కృష్ణా గోదావరీ మండలాలలోని కలావంతుల స్త్రీలు భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని తమ పద్ధతిలో ఆడుతుండేవారు. వారికి అగ్రహారం రాలేదు. సంఘం వారి ఆటను మెచ్చి వారిని మెచ్చలేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ విధానాన్ని నిషేధించే చట్టం వచ్చిన మీదట గుడిముంగిట ఆ ఆట కూడ ఆగిపోయినది. ఒకే సత్యభామ ఒక ఇంట గౌరవమై, మరొక ఇంట అపవాదమైనది.

మువ్వగోపాలుని జమాఖర్చు

మొవ్వ గోపాలుని పేర పదాలు చెప్పిన క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దంవాడు. ఆయన జన్మస్థలాన్ని గురించి పండితులలో వాదాలున్నా, మువ్వగోపాల ముద్ర ఆ ఊరి దేవుని పేరనే నిలిచిపోయినది. మధుర తిరుమల నాయకుని, తంజావూరు విజయరాఘవ నాయకుని, గోలకొండ పాదుషాను సందర్శించి ఎవరికి ఎన్నివేల పదాలు వినిపించినదీ ఆయనే ఒక పదంలో లెక్క చెప్పుకొన్నాడు. కవి పురుషుడు, మాట్లాడేది స్త్రీ. ఇదొక వేషం. ఆ స్త్రీ పలుచోట్ల వారకాంత. ఆమె వాకిటికి వచ్చిన పసులకాపరి దేవుడైనా సరే, చేతిలో ఏమున్నదని అడుగక మానదు. ఇది సిరి సంగతి. అడిగి అడిగి చివరకు మనసిచ్చి కూర్చుంటుంది. ఇది ప్రణయం.

ఈ పదాలలోని చమత్కారం సముద్రాలు దాటినది. ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన అనువాదాలు 1994లో అమెరికాలో గ్రంథరూపం పొందినవి. దేవుడే బేరగాడైనప్పుడు అన్న అర్థం వచ్చేటట్లు దానికి పేరు పెట్టినారు. గుర్రపు రౌతుల ప్రణయకథలు పుట్టిన దేశంలోనే కృష్ణాతీరపు గొల్లవాని ప్రణయం ఆ విధంగా విశ్వవిద్యాలయ పాఠమైనది.

ఇక గొల్లకలాపం. భాగవతుల రామయ్యగారి రచన అది. పాలు పెరుగు అమ్ముకొనే గొల్లభామకు, వేదం చదివిన బ్రాహ్మణునికి వాదం జరుగుతుంది. ఆమె జీవుడు తల్లి గర్భంలో పుట్టి పెరిగే క్రమం చెబుతుంది, యజ్ఞం అర్థం చెబుతుంది, పుట్టుకవల్ల కలిగే పెద్దరికాన్ని ప్రశ్నిస్తుంది. గమనించవలసినది ఏమంటే, ఆ ప్రశ్నలను బ్రాహ్మణ నటుడే గొల్లభామ వేషం కట్టి తన కులాన్ని తానే అడిగినాడు. మామూలు బట్టలలో నిలబడి అడుగలేని మాటను చల్లకుండ నెత్తిన పెట్టుకొన్నాక అడుగగలిగినాడు.

జడ చేతులు మారినది

ఇరువదవ శతాబ్దంలో స్త్రీవేషం తెలుగునాట పరాకాష్ఠకు చేరినది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు పద్యనాటక రంగంమీద శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఉఱ్ఱూతలూపి, 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ వేషానికి మారుపేరైనారు. ఆయనకు 1961లో సంగీత నాటక అకాడెమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ లభించినవి. కూచిపూడి దిక్కుననే ఉన్న నిమ్మకూరునుండి వచ్చిన నందమూరి తారకరామారావు బెజవాడ కళాశాలలో నాయకురాలు నాగమ్మ వేషాన్ని మీసంతోనే కట్టి నవ్వులు మూటగట్టుకొన్న సంగతి జగద్విదితం. 1966లో వెండితెరమీద తులాభారం వచ్చినప్పుడు ఆయన కృష్ణుడు, జమున సత్యభామ.

అదే కాలంలో కంచె సడలడమూ మొదలైనది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి బయటి స్త్రీలకు నాట్యం నేర్పినారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ స్థాపించి ఎందరో బాలికలను నర్తకులుగా తీర్చినారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా దేశదేశాల మెప్పు పొంది, 2001లో పద్మశ్రీ అందుకొన్నారు. నేడు కూచిపూడి నృత్యం నేర్చేవారిలో బాలికలే అధికం. సత్యభామ వేషం స్త్రీదే అయినది. కొన్ని ప్రదర్శనలలో కృష్ణుడు కూడ స్త్రీయే. పూర్వం ఇద్దరు మగవారు దంపతులుగా నటించిన చోట ఇప్పుడు ఇద్దరు ఆడవారు దంపతులుగా నటిస్తున్నారు. కల్పిత దాంపత్యం మాత్రం కల్పితంగానే చల్లగా కాపురం చేస్తున్నది.

జడ కట్టే మగవారు అరుదైపోయినందుకు కొందరు విచారిస్తారు. ఆ విచారంలో న్యాయం లేకపోలేదు. మీసకట్టు వచ్చిన మనిషి రాత్రంతా మరొకరి మనసును మోయడానికి నేర్చిన విద్య తేలికది కాదు. దానిని ఒక్క తరం మరచినా మరల తెచ్చుకొనడం కష్టం. కాని విచారించేవారు ఒక మాట మరువరాదు. ఆ జడ మొదటినుండి సవాలు. మించినవారుంటే రండి అని పిలిచినది. మూడువందల యేండ్ల తరువాత ఆ పిలుపు విని సొంత జడగలవారు వచ్చినారు. రాకను ఓటమి అనుకొనడం ఆటనియమానికే విరుద్ధం.

ఉపాధ్యాయులు పారిజాతాపహరణ ఘట్టాన్ని పాఠంగా చెప్పేటప్పుడు అలంకారాలు, ప్రతిపదార్థాలు చెప్పి ఊరుకొనక పిల్లలచేత దానిని ఆడించి చూడడం మంచిది. చాపను తెరగా పట్టుకొంటే చాలును. తువ్వాలును జడగా పేని ఒక కుర్రవాడు సత్యభామ కావచ్చును, ఒక బాలిక చేతికి పిల్లనగ్రోవి ఇవ్వవచ్చును. మొదట నవ్వుతారు. నవ్వనీయవలెను. మగని పేరు చెప్పలేక తల వంచుకొనే ఘట్టం వచ్చేసరికి ఆ కుర్రవానికి తన ఇంటిలోని ఆడవారి మౌనం ఒక్క క్షణమైనా గుర్తుకు రాక మానదు. వేషంవల్ల కలిగే లాభమంతా అదే. వినోదం దానిని మోసుకొనివచ్చే బండి.

తులాభార కథలో సత్య తన నగలన్నీ త్రాసులో పోసినా పసులకాపరి బరువు తూగలేదు. రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి తూగినాడు. ఆ కథను రంగస్థలంమీద ఆడేటప్పుడు త్రాసులో పడే నగలు కొయ్యవి, తులసిదళం మాత్రం నిజమైనది. ఏ పెరటి కోటలోనుండో సాయంకాలం ఎవరో త్రుంచి తెచ్చి ఉంటారు.